కరెంటు బిల్లులో వాడ

కరెంటు చార్జీల మీద మన దగ్గర చర్చ కొత్తది కాదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల దాకా పోయిన చర్చ అది. అయితే ఆ చర్చ ఎక్కువగా రెండు దారుల్లోనే నడిచింది. యూనిట్ రేటు ఎంత అన్నది ఒకటి. రైతు బోరుకు ఉచితమా కాదా అన్నది రెండోది. బిల్లు ఎవర్ని వినియోగదారుడనుకుని తయారవుతోంది అనే మూడో ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది. వామపక్షాలు దాన్ని గట్టిగా అడగలేదు, రైతు సంఘాలకు దాని అవసరం రాలేదు. దళిత సంఘాల్లో తిరిగిన మనం కూడా కరెంటు బిల్లును ఒక సామాజిక పత్రంగా చదవలేదు. కులాన్ని జనాభా లెక్కల్లో వెతికాం, పోలీసు ఎఫ్ఐఆర్‌లో వెతికాం, పాఠ్యపుస్తకంలో వెతికాం. నెలనెలా గుమ్మంలోకి వచ్చే జానెడు కాగితంలో వెతకలేదు. ఆ పని ఈ వ్యాసంలో చెయ్యాలనుకుంటున్నాం. మాకు తెలిసిన నేల కాబట్టి మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాన్ని ఆధారంగా తీసుకుంటున్నాం.

ఈ ప్రాంతం గురించి రెండు మాటలు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుంచి విడదీసి కలిపిన తాలూకాలు ఇవి. జిల్లా కోస్తాది, కరువు సీమది. వందల అడుగులు బోరు దింపినా నీళ్లు పడతాయన్న గ్యారంటీ లేదు. పడినా ఫ్లోరైడు నీళ్లు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు కోసం ఒక తరం ఎదురుచూస్తూనే ముసలిదైపోయింది. పలకల పరిశ్రమ కొందరికి కూలి పెట్టింది, అంతకంటే ఎక్కువ మందిని మిరపకోతలకు గుంటూరు వైపు, బేల్దారి పనికి హైదరాబాదు, బెంగుళూరు వైపు తోలింది. అంటే ఏడాదిలో కొన్ని నెలలు తాళం వేసి ఉండే ఇళ్లు ఇక్కడి మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో మామూలు. ఈ తాళం సంగతి గుర్తుపెట్టుకోండి, దానితో ముందు ముందు పని ఉంది.

వాడకు కరెంటు రావడమే ఒక బల్బు లెక్కన వచ్చింది. 1988-89లో కేంద్రం పెట్టిన కుటీర్ జ్యోతి పథకంలో పేద ఇంటికి ఇచ్చింది ఒక్క దీపం కనెక్షను. ఊళ్లో కరెంటు అంటే మోటారు, మిల్లు, రేడియో, ఫ్యాను. వాడలో కరెంటు అంటే చూరుకు వేలాడే ఒక గుడ్డి బల్బు. దీన్ని అప్పట్లో ఉదారం అన్నారు. మేం కూడా చిన్నప్పుడు ఆ బల్బు కింద చదువుకున్నవాళ్లమే, దాన్ని తక్కువ చెయ్యం. కానీ ఆ ఒక్క బల్బు వెనక ఒక అంచనా ఉంది. వీళ్లకు ఇంతకంటే ఎక్కువ అవసరం రాదు అని. ఇల్లు పెరిగింది, కొడుకులకు పెళ్లిళ్లయినాయి, ఫ్యాన్లు వచ్చినాయి, టీవీ వచ్చింది, ఫోను చార్జింగు వచ్చింది. కాగితం మీద సర్వీసు మాత్రం తాత పేరున ఒకటిగానే మిగిలిపోయింది.

ఇక 2020 ఏప్రిల్ దగ్గరికి వద్దాం. ఈ ప్రాంతంలో బిల్లింగ్ వ్యవస్థ గందరగోళమైందని జనం చెప్పుకునే కాలం అది. ఆ ఒక్క నెలలో మూడు సంగతులు కలిసి మీద పడ్డాయి. మొదటిది, తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం నుంచి ప్రకాశం జిల్లాను విడదీసి విజయవాడ కేంద్రంగా కొత్తగా పెట్టిన సీపీడీసీఎల్‌లో కలిపారు. రెండోది, చార్జీ లెక్కగట్టే పద్ధతే మారింది. మూడోది లాక్‌డౌన్. మీటరు చూసే మనిషి రాలేదు.

పద్ధతి మార్పు గురించి కొంచెం ఓపిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే పత్రికలు దాన్ని 'శ్లాబుల గందరగోళం' అని ఒక్క మాటలో తేల్చేశాయి. అంతకుముందు ఒక ఇల్లు ఏ గ్రూపులో ఉందో కిందటేడు మొత్తం వాడకాన్ని బట్టి నిర్ణయమయ్యేది. ఏడాదికి 900 యూనిట్లు దాటని ఇల్లు ఏ గ్రూపు. వేసవిలో ఒక నెల ఎక్కువ కాలినా ఆ ఇల్లు ఏ గ్రూపులోనే ఉండేది. 2020 ఏప్రిల్ నుంచి ఏ నెలకానెల లెక్క. నెలలో 75 యూనిట్లు దాటితే ఆ నెలకు బీ గ్రూపు. అప్పుడు మొదటి 50 యూనిట్లకు కూడా 1.45 బదులు 2.60 కట్టాలి. 75 దగ్గర ఆగిన ఇంటికీ 76 కాలిన ఇంటికీ తేడా ఒక్క యూనిట్. ఆ ఒక్క యూనిట్‌కు మొదటి 50 మీదే 57 రూపాయల 50 పైసలు అదనం పడింది.

ఏడాదంతా సమానంగా కరెంటు కాల్చే ఇల్లు ఎవరిది? జీతం ఇల్లు. రోజూ అదే ఫ్రిజ్, అదే మోటారు. వలసకూలి ఇంటి వాడకం అలా ఉండదు. మిరపకోతల నెలల్లో ఇరవై యూనిట్లు, అందరూ తిరిగొచ్చిన ఎండాకాలంలో వంద. ఏడాది లెక్కన చూస్తే పేద ఇల్లు, నెల లెక్కన చూస్తే కొన్ని నెలలు మధ్యతరగతి ఇల్లు. అధికారులు చెప్పిన వాదన ఏంటంటే కొత్త పద్ధతి న్యాయమైంది, ఏ నెల వాడకానికి ఆ నెలే చార్జీ అని. కొందరికి దానివల్ల లాభం కూడా కలిగింది, కాదనం. కిందటేడు ఎక్కువ కాల్చి ఈ ఏడాది తగ్గించుకున్నవాళ్లకు మేలే. కానీ ఆ న్యాయం నెలసరి జీవితం ఉన్నవాడికి రాసిన న్యాయం. ఋతువును బట్టి బతికేవాడు ఆ గదిలో ఎవరికీ గుర్తురాలేదు.

దాని మీద లాక్‌డౌన్. రీడింగు లేని నెలకు పాత బిల్లును బట్టి కట్టమన్నారు. మేలో రెండు నెలల రీడింగు కలిపి తీసి సగం సగం పంచారు. అదే సమయంలో హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి నడిచీ, లారీలెక్కీ వచ్చినవాళ్లతో వాడలు నిండిపోయినాయి. ముగ్గురుండే ఇంట్లో పదిమంది. పని లేదు, చేతిలో డబ్బు లేదు, ఫ్యాను మాత్రం రాత్రీ పగలూ తిరిగింది. ఊళ్లో పెద్దిళ్లవాళ్లు బిల్లు చూసి టీవీలో మాట్లాడారు. వాడలో బిల్లు చూసి చూరులో దోపారు. ఆ చూరులో దోపిన బిల్లే తర్వాత బకాయి అయింది.

2022 ఏప్రిల్ నుంచి గ్రూపులు తీసేశారు. అందరికీ ఒకటే మెట్ల వరస పెట్టారు. 30 యూనిట్ల దాకా 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. చూడటానికి సమానత్వం. కానీ పెంపు ఎవరి మీద ఎంత పడిందో చూస్తే సంగతి వేరు. అన్నిటికంటే కింది మెట్టు మీద యూనిట్‌కు 45 పైసలు పెంచారు, అన్నిటికంటే పైమెట్టు మీద 55 పైసలు. రూపాయిన్నర కూడా లేని రేటు మీద 45 పైసలంటే మూడో వంతుకు దగ్గర. తొమ్మిది దాటిన రేటు మీద 55 పైసలు ఎంతనేది ఎవరైనా నోటితో లెక్కేసుకోవచ్చు. ఆ తర్వాత వచ్చిన ఇంధన సర్దుబాటు చార్జీ యూనిట్‌కు 40 పైసలు, అది మెట్టుతో పని లేకుండా అందరి మీదా ఒకటే. 1.90 కట్టేవాడికీ 40 పైసలే, 9.75 కట్టేవాడికీ 40 పైసలే.

రేటు చర్చలోకి మేమూ జారిపోతున్నాం. మా అసలు ప్రశ్న రేటు కాదు, సర్వీసు నంబరు.

బిల్లు దృష్టిలో ఒక సర్వీసు నంబరు ఒక ఇల్లు, ఒక ఇల్లు ఒక కుటుంబం. ఇది ఎంత సహజంగా కనిపిస్తుందంటే దీన్ని ప్రశ్నించాలని కూడా తోచదు. వాడలో ఇది నిజం కాదు. ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చిన రెండు సెంట్ల, మూడు సెంట్ల పట్టా తండ్రి పేరున ఉంటుంది. దానిలోనే పెద్దోడు ఒక గది, నడిపోడు ఒక రేకుల షెడ్డు, చిన్నోడు వసారా. పొయ్యిలు మూడు, రేషను కార్డులు మూడు, మీటరు ఒకటి. వేరే మీటరు అడిగితే వేరే పట్టా ఏది, వేరే డోరు నంబరు ఏది అంటారు. భూమి ఉన్నవాడికి అన్నదమ్ములు విడిపోవడం అంటే గట్టు వెయ్యడం. స్థలమే లేనివాడు ఏం పంచుకుని విడిపోతాడు?

2022 రేట్లతో ఒక లెక్క వేద్దాం. అన్నదమ్ములు ముగ్గురూ తలా 110 యూనిట్లు కాల్చారనుకోండి. విడివిడిగా మూడు మీటర్లుంటే ఒక్కొక్కరికి యూనిట్ల చార్జీ 349 రూపాయల 50 పైసలు, ముగ్గురికీ కలిపి 1,048 రూపాయల 50 పైసలు. అదే ఒక మీటరు మీద 330 యూనిట్లయితే 1,935 రూపాయల 75 పైసలు. కాలిన కరెంటు ఒకటే. తేడా 887 రూపాయల పాతిక పైసలు. ఇది దొంగ లెక్క కాదు, యంత్రం తప్పు కాదు. యంత్రం సరిగ్గా పనిచేసినందుకు పడ్డ శిక్ష ఇది. ఇల్లు జాగా లేనితనానికి ప్రతి నెలా కట్టే పన్ను అనండి.

కథ ఇక్కడితో ఆగలేదు. 2019 తర్వాత సంక్షేమ పథకాలకు అర్హత తేల్చడానికి ఆరంచెల వడపోత అని ఒకటి పెట్టారు. భూమి, కారు, ఆదాయపు పన్ను, ప్రభుత్వోద్యోగం, వీటితోపాటు కరెంటు. నెలకు సగటున 300 యూనిట్లు దాటితే ఆ కుటుంబం పేదది కాదు. మన అన్నదమ్ముల మీటరు 330. అంటే ఆ ఇంట్లో ఉన్న ముసలమ్మ పింఛనుకు, మనవరాలి అమ్మ ఒడి డబ్బుకు ఎసరు. కొన్నిచోట్ల సర్వీసు నంబరుకు ఎవరి ఆధారో తగిలించడంతో, అసలు ఆ మీటరుతో సంబంధమే లేనివాళ్ల పేర్లు కూడా జాబితాల్లోంచి పోయినాయి. "మా కరెంటు కాదు సారూ" అని సచివాలయం చుట్టూ తిరిగిన ముసలివాళ్ల గురించి ఆ ఏళ్లలో జిల్లా పేజీల్లో వార్తలు వచ్చాయి. కరెంటు ఆఫీసుకు పో అని సచివాలయం, సచివాలయానికి పో అని కరెంటు ఆఫీసు. బిల్లింగ్ కోసం చేసిన నమోదు పేదరికపు ధ్రువపత్రమైపోయింది. ఒక అవసరం కోసం తీసిన లెక్కను ఇంకో అవసరానికి వాడితే ఏమవుతుందో కులం లెక్కల చరిత్ర చదివినవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

"మరి మీకు ఉచితం ఉంది కదా" అని ఊళ్లో అడుగుతారు. ఉంది. ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చిన 2013 ప్రాంతంలో నెలకు 50 యూనిట్లలోపు వాడే ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఆ ఖర్చు ప్రభుత్వం కట్టే ఏర్పాటు మొదలైంది. ఆ పరిమితి 75కు, 100కు పెరిగి 2019లో 200 యూనిట్లయింది. ఇది ఉద్యమాలు సాధించిన మేలు, చిన్నది కాదు. కానీ ఆ 2019 ఏర్పాటు ఎవరి కోసమో చూడండి. ఎస్సీ కాలనీల్లో, ఎస్టీ తండాల్లో నివసించేవాళ్ల కోసం. మనిషిని కాదు, చోటును చూసింది. 2022లో కాలనీ బయట ఉన్న ఎస్సీ ఇళ్లకు ఉచితం వర్తించదన్న వివాదం రేగింది ఇందుకే.

దీన్ని మేం ఈ వ్యాసంలో అన్నిటికంటే తీవ్రమైన సంగతిగా చూస్తున్నాం. వాడను కట్టింది ఎవరు? ఊరు. మనల్ని ఊరి చివర ఉంచింది ఊరు. ఆ చివరి నుంచి బయటపడాలని ఒక తరం చదువుకుంది, టౌనుకు పోయింది, మార్కాపురంలోనో గిద్దలూరులోనో గది అద్దెకు తీసుకుంది. కులం పేరు చెబితే గది ఇవ్వరని చెప్పకుండా తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు మీటరు ఓనరు పేరున, బిల్లు ఓనరు చెప్పిన రేటున. ఉచితం కావాలంటే వాడకు తిరిగిపోవాలి. లేదా పదిమంది ఇళ్ల మధ్య తన సర్వీసు నంబరు పక్కన కులం రాయించుకోవాలి. ఇళ్ల పట్టాలిచ్చి ఊరికి దూరంగా వేసిన కొత్త లేఅవుట్లలో అన్ని కులాలూ కలిసి ఉంటాయి. దాన్ని ఎస్సీ కాలనీ అంటారా, అనరా? అంటరానితనాన్ని నిషేధించిన రాజ్యాంగం కింద నడిచే ప్రభుత్వం, అంటరానితనం గీసిన సరిహద్దునే రాయితీకి కొలతగా వాడుకుంది. కంప్యూటరుకు అది తేలిక. చిరునామా ఉంటే చాలు, కులం దానంతటదే తెలిసిపోతుంది. కరణానికి కూడా ఒకప్పుడు అలాగే తెలిసేది.

కులధ్రువపత్రం చూసి ఇస్తే సరిపోతుంది కదా అంటారు. పశ్చిమ ప్రకాశంలో అదీ తేలిక కాదు. ఇది అమెరికన్ బాప్టిస్టు మిషను తిరిగిన నేల. 1876-78 కరువు తర్వాత ఒంగోలు నుంచి క్లౌ దొర మిషను వేలమంది మాదిగలకు బాప్తిస్మం ఇచ్చింది. కంభంలో, మార్కాపురంలో స్టేషన్లు పెట్టింది. ఆ చరిత్ర ఫలితంగా ఇక్కడ ఒక్క మనిషికి రెండు పేర్లు మామూలు సంగతి. ఇంట్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. మీటరు తాత పాత పేరున, ఆధారు మనవడి బైబిలు పేరున. ఈ రెండూ ఒకే ఇంటివని యంత్రానికి ఎవరు చెప్పాలి? చెప్పబోతే ఇంకో చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డు కులం కాడు, ఇక్కడ అతను బీసీ-సీ. చట్టబద్ధం కాని రాయితీలు మతం మారిన దళితులకూ వర్తింపజేస్తూ మన రాష్ట్రంలో 1977లోనే ఉత్తర్వు ఉంది. ఉచిత కరెంటు అలాంటి రాయితీయా కాదా? మా వాదన, అలాంటిదే అని. కానీ దాన్ని బిల్లింగ్ కౌంటరు దగ్గర నిలబడి వాదించుకోగలిగేది ఎవరు? ఆయన మౌనంగా బిల్లు కట్టేసి పోతాడు.

ఇక్కడొక పోలిక అవసరం. 2004 మే 14న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి తొలి సంతకంతో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. దానికి ఎవరూ కులం అడగలేదు, కాలనీ అడగలేదు. పొలంలో బోరుంటే చాలు. బోరు ఉండాలంటే పొలం ఉండాలి, పొలం ఉన్నా నీళ్లు పడేదాకా దించే డబ్బుండాలి. గుట్ట పక్కన డీ పట్టా ఎకరం ఉన్న మాదిగాయనకు ఈ ఉచితంతో పని లేదు. అదే కరెంటు శాఖ పొలంలో మోటారుకు మీటరు లేకుండా దశాబ్దాలు నడిపింది. 1982లో మీటరు తీసేసి హార్స్‌పవర్ లెక్కన చార్జీ పెట్టింది, ఆ తర్వాత చార్జీయే తీసేసింది. మోటారుకు మీటరు పెడతామన్నప్పుడల్లా రాష్ట్రం అట్టుడికింది. చిన్నరైతు భయం న్యాయమైందే, మేం దాన్ని తప్పుపట్టడం లేదు. వాడలో మీటరు మీద మాత్రం ఆ ఉడుకు ఎన్నడూ కనపడలేదు.

కరెంటు సంగతిలో అంబేద్కర్‌ని తలుచుకోకుండా ఉండలేం. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యవర్గంలో సభ్యుడిగా ఉన్నప్పుడు విద్యుత్తు ఆయన శాఖలోనే ఉంది. 1943లో విద్యుత్తు విధాన కమిటీలో ఆయన పెట్టిన వాదన, కరెంటు చవగ్గా, సమృద్ధిగా ఉండాలని, అది లాభం కోసం నడిచే చేతుల్లో కాక ప్రభుత్వం చేతుల్లో ఉండాలని. పేదరికం నుంచి బయటపడే దారి పరిశ్రమ, దానికి మూలం కరెంటు అని ఆయన లెక్క. వాడకు ఒక బల్బు చాలు అనే లెక్క కాదది. మన సభల్లో ఆయన్ని రాజ్యాంగం దగ్గరే ఆపేస్తుంటాం.

రాబోయేది ప్రీపెయిడ్ స్మార్ట్ మీటరు. కేంద్రం 2021లో తెచ్చిన పథకం ఆ దారినే చూపింది. 2025లో జనం వ్యతిరేకించినప్పుడు ఇంధన మంత్రి గొట్టిపాటి రవికుమార్, మా జిల్లా మనిషే, వినియోగదారుడి ఒప్పుకోలు లేకుండా ఇళ్లకు పెట్టబోమని అన్నారు. మంచిదే. కానీ మీటరు తాత పేరున ఉన్న ఇంట్లో ఒప్పుకోలు ఎవరిది? 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షను ప్రకారం బకాయికి కరెంటు తియ్యాలంటే పదిహేను రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. బిల్లు మీద తగాదా ఉంటే, అడిగిన మొత్తమో ఆరు నెలల సగటో, ఏది తక్కువైతే అది నిరసనతో కట్టి సరఫరా నిలుపుకోవచ్చు. మేం పెరిగిన వాడలో అలాంటి నోటీసు వచ్చినట్టు మాకు గుర్తు లేదు. వచ్చింది నిచ్చెన. స్తంభం ఎక్కి ఫీజు పీక్కుపోయేవాళ్లు. అయినా ఆ ఎక్కేవాడు ఒక మనిషి. "పండగ పోనీ అన్నా, సోమవారం కడతా" అని బతిమాలుకోవడానికి ఒక మొహం ఉండేది. ప్రీపెయిడ్‌లో ఆ మొహం ఉండదు, పదిహేను రోజులూ ఉండవు.

దక్షిణాఫ్రికాలో సొవెటోలోని ఫిరి బస్తీవాళ్లు ప్రీపెయిడ్ నీళ్ల మీటర్ల మీద కోర్టుకు పోయారు. అక్కడ ఉచిత నీళ్లు ఒక్కో స్థలానికి నెలకు ఆరు వేల లీటర్లు. ఒకే స్థలంలో పెరటి గదుల్లో ఎన్ని కుటుంబాలున్నా అంతే. ఉచితం అయిపోతే మీటరు దానంతటదే నీళ్లాపేది. 2009లో రాజ్యాంగ న్యాయస్థానం వాళ్లకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అది నీళ్లు తీసెయ్యడం కాదు, తాత్కాలికంగా ఆగడం మాత్రమే అంది. నల్లవాళ్ల పోరాటం నుంచి పుట్టిన రాజ్యాంగం కింద వచ్చిన తీర్పది. స్థలం ఒకటి, కుటుంబం ఒకటి అనే లెక్క అక్కడా ఇక్కడా ఒక్కటే.

మేం అడిగేవి పెద్దవేం కావు. ఒక పట్టా మీద ఎన్ని పొయ్యిలుంటే అన్ని సర్వీసులు, వేరే డోరు నంబరు అడగకుండా. ఉచిత యూనిట్లు మనిషికి, ఆ మనిషి ఏ వీధిలో ఉన్నా, అద్దె గదిలో ఉన్నా. తాళం వేసిన ఇంటికి అంచనా బిల్లు వెయ్యకుండా, వలస నుంచి తిరిగొచ్చినప్పుడు అసలు రీడింగును గడిచిన నెలలన్నిటికీ పంచే పద్ధతి. పింఛను లెక్కల్లోంచి కరెంటు మీటరును బయటికి తియ్యడం.

ఒక పని మాత్రం ఇప్పుడే చెయ్యాలి. స్పాట్ బిల్లింగ్ యంత్రం ఇచ్చే కాగితం మీద అక్షరాలు కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి. రెండేళ్ల కిందటి బకాయి అడిగితే, చట్టప్రకారం అది ప్రతి బిల్లులోనూ వరసగా చూపిస్తూ వచ్చారా లేదా అని మనం అడగొచ్చు. అడగాలంటే ఆ బిల్లులు మన దగ్గర ఉండాలి. వాడలో చదువుకున్న పిల్లలు ఇంటింటికీ పోయి చూరుల్లో, బైబిళ్ల మధ్యలో, రేకు పెట్టెల్లో ఉన్న బిల్లులన్నీ ఫొటో తియ్యండి. సర్వీసు ఎవరి పేరున ఉంది, ఇంట్లో పొయ్యిలెన్ని, ఎవరెవరు ఏ నెలల్లో వలసపోయారు, పక్కన రాయండి.

మూడు మండలాలతో మొదలుపెడదాం.